బల్బు మసకబారితే మోటారు ఎందుకు కాలుతుంది?

వేసవి సాయంత్రాలు ఇళ్లల్లో వోల్టేజి పడిపోవడం మీరు చూసే ఉంటారు. గుండు బల్బు ఎర్రగా మసకబారుతుంది. ఇస్త్రీపెట్టె ఎంతసేపటికీ కాగదు. పాపం అవి నీరసపడ్డాయే గాని, వాటికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. మామూలు వోల్టేజి రాగానే మళ్లీ ఎప్పటిలాగే పనిచేస్తాయి. కాని అదే సమయంలో మీరు సంపులోంచి మేడమీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు వేయబోయారనుకోండి. ‘‘లో వోల్టేజి ఉందిరా, మోటారు వెయ్యకండి, కాలిపోతుంది!’’ అని ఇంట్లో పెద్దవాళ్లు కేకలేస్తారు. విజయవాడ వన్ టౌన్ ఇరుకు సందుల్లో మూడంతస్తుల ఇళ్లల్లో ఉండేవారికి ఈ కేక బాగా అలవాటే.

ఇప్పుడు కాస్త ఆలోచించండి. బల్బుకు తక్కువ వోల్టేజి ఇస్తే తక్కువ కరెంటు వెళ్తుంది. తక్కువ కరెంటు వెళ్తే తక్కువ వేడెక్కుతుంది. మరి మోటారులో ఉన్నదీ రాగి తీగే కదా! దానికీ తక్కువ వోల్టేజి ఇస్తే చల్లగా ఉండాలి గాని, ఎక్కువ వేడెక్కి కాలిపోవడమేమిటి? ఓమ్ నియమం బల్బుకొకటీ, మోటారుకొకటీ ఉందా?

ఓమ్ నియమం ఒక్కటే. పెద్దవాళ్ల మాటా నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే మోటారు లోపలికి వెళ్లి చూడాలి.

1820లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ ఒక సంగతి గమనించాడు. విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ దగ్గర దిక్సూచిని పెడితే దాని ముల్లు పక్కకు తిరుగుతున్నది. అంటే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతున్నదన్నమాట. తీగ అయస్కాంతాన్ని కదిలించగలిగినప్పుడు, అయస్కాంతం తీగను కదిలించలేదా? మరుసటి సంవత్సరం, 1821 సెప్టెంబరులో, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే దీనికి జవాబు చూపించాడు. గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతాన్ని నిలబెట్టి, పైనుంచి ఒక తీగను కొన పాదరసంలో మునిగేలా వేలాడదీశాడు. తీగలోకి విద్యుత్తు పంపగానే అది అయస్కాంతం చుట్టూ గిరగిరా తిరగసాగింది. ఈ ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకొని శాస్త్రజ్ఞుడయ్యాడు.

ఇక్కడ ఒక వింత ఉంది. ఇనుప మేకును అయస్కాంతం తనవైపు లాక్కుంటుంది. రాగి తీగను అలా లాక్కోదు. కరెంటు ప్రవహించేటప్పుడు మాత్రం దాన్ని నెడుతుంది. ఆ నెట్టడం అయస్కాంతం వైపూ కాదు, కరెంటు పోయే వైపూ కాదు. ఆ రెంటికీ లంబంగా, పక్కకు! ఎందుకని?

అయస్కాంతపు ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి బలరేఖలు సాఫీగా పోతున్నాయనుకోండి. వాటి మధ్య కరెంటు తీగ ఉంది. దాని చుట్టూ దాని సొంత బలరేఖలు గుండ్రంగా ఉన్నాయి. తీగకు ఒకవైపున రెండు రకాల రేఖలూ ఒకే దిశలో ఉండి కలిసిపోతాయి. అక్కడ క్షేత్రం దట్టమవుతుంది. రెండోవైపున ఎదురెదురై ఒకదాన్నొకటి తగ్గించుకొంటాయి. అక్కడ క్షేత్రం పలచబడుతుంది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి క్యూలో నిలబడ్డారా? మీకు ఎడమవైపున జనం కిక్కిరిసి, కుడివైపున పలచగా ఉంటే మీరు ఎటు జరుగుతారు? తీగ కూడా దట్టమైన వైపు నుంచి పలచని వైపుకు నెట్టబడుతుంది. ఎడమచేతి మూడు వేళ్లతో చూపించే ఫ్లెమింగ్ నిబంధన చెప్పేది ఈ దిశనే. వేళ్లు ఎటు తిప్పాలో బట్టీపట్టే ముందు ఈ రేఖల బొమ్మ ఒక్కసారి గీసుకొని చూస్తే, పరీక్షలో వేళ్లు విరుచుకోనక్కరలేదు.

ఈ బలం ఎంత ఉంటుంది? మూడింటిని గుణిస్తే వస్తుంది: అయస్కాంత క్షేత్ర తీవ్రత, తీగలోని కరెంటు, క్షేత్రంలో ఉన్న తీగ పొడవు. క్షేత్రం 0.5 టెస్లా, కరెంటు 5 ఆంపియర్లు, తీగ పొడవు 10 సెంటీమీటర్లు అనుకొంటే, బలం 0.5 × 5 × 0.1 = 0.25 న్యూటన్లు. అంటే సుమారు 25 గ్రాముల బరువు. ఇంతేనా అనకండి. మోటారులో తీగ ఒక్కటే ఉండదు. అలాంటి తీగలు 200 ఉంటే 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల బరువంత బలం. మోటారులో అన్ని చుట్లు ఎందుకు చుడతారో తెలిసిందిగా! ఈ మూడింటి గుణకారం గుర్తుంచుకోండి. దీనితో మళ్లీ పనుంది.

తీగను చట్రంలా చుట్టి అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచితే, ఒక పక్క తీగలో కరెంటు లోపలికి, రెండో పక్క బయటికి పోతుంది. కాబట్టి ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి నెట్టబడి చట్రం తిరుగుతుంది. సగం చుట్టు తిరిగేసరికి పక్కలు తారుమారై, వెనక్కి తిరగాల్సి వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు దిశను మార్చేదే కమ్యుటేటర్. ఇది మీ పాఠ్యపుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆగను. పుస్తకాలు సాధారణంగా ఒక్క మాటతో సరిపెట్టి వదిలేసే విషయం తరవాత ఉంది.

రెండో ఫారడే

1831లో, అంటే తీగను తిప్పిన పదేళ్లకు, అదే ఫారడే మరో సంగతి కనిపెట్టాడు. అయస్కాంత క్షేత్రంలో తీగను కదిలిస్తే ఆ తీగలో విద్యుచ్చాలక బలం, అంటే వోల్టేజి పుడుతుంది. విజయవాడకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో పెద్ద పెద్ద జనరేటర్లు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. అక్కడ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. బొగ్గుతో ఆవిరి, ఆవిరితో టర్బైను తిరగడం, దానితో అయస్కాంతం తిరగడం, దాని చుట్టూ ఉన్న తీగల్లో విద్యుత్తు పుట్టడం.

ఇప్పుడు చెప్పండి. మోటారులో ఏం జరుగుతున్నది? అయస్కాంత క్షేత్రంలో తీగలు గిరగిరా తిరుగుతున్నాయి. వాటిని తిప్పుతున్నది మనం పంపిన కరెంటే కావచ్చు. కాని తిరిగే తీగకు తనను ఎవరు తిప్పుతున్నారో అక్కర్లేదు. క్షేత్రంలో కదిలితే దానిలో వోల్టేజి పుట్టవలసిందే! అంటే తిరుగుతున్న ప్రతి మోటారూ అదే క్షణంలో ఒక జనరేటరు కూడా.

ఆ పుట్టిన వోల్టేజి ఏ దిశలో ఉంటుంది? మనం పంపే వోల్టేజికి తోడుగా ఉందనుకొందాం. అప్పుడు కరెంటు పెరుగుతుంది, మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, దానితో ఇంకా వోల్టేజి పుడుతుంది, ఇంకా వేగం... ఒక్కసారి స్విచ్చి వేసి తీసేస్తే చాలు, ప్రపంచంలో ఎవరికీ బొగ్గూ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. అలా జరగదు. అది ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. దీన్ని 1834లో లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు నియమంగా చెప్పాడు. దీన్నే వ్యతిరేక విద్యుచ్చాలక బలం అంటారు. మనం సౌలభ్యం కోసం ‘ఎదురు వోల్టేజి’ అందాం. 1821 నాటి ఫారడే మోటారును ముందుకు నెడుతుంటే, 1831 నాటి ఫారడే ఎదురు నిలుస్తాడు.

ఒక లెక్క వేద్దాం. ఏకముఖ విద్యుత్తుతో నడిచే ఒక మోటారు తీగచుట్ట నిరోధం 2 ఓములు, ఇచ్చే వోల్టేజి 220 అనుకొందాం. ఓమ్ నియమం ప్రకారం 220ని 2 చేత భాగిస్తే 110 ఆంపియర్లు. ఇంత కరెంటు ఇల్లంతటికీ కలిపినా ఉండదు! కాని మోటారు తిరుగుతూ 210 వోల్టుల ఎదురు వోల్టేజి పుట్టిస్తున్నదనుకోండి. ఇక తీగ నిరోధానికి మిగిలేది 10 వోల్టులే. కరెంటు 10 ÷ 2 = 5 ఆంపియర్లు. ఓమ్ నియమం ఎక్కడా చెడలేదు. మనమే ఒక వోల్టేజిని లెక్కలోంచి వదిలేశాం.

వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 5 ఆంపియర్లకు 5 × 5 × 2 = 50 వాట్ల వేడి. ఆ మాత్రానికి మోటారు గోరువెచ్చగా ఉంటుంది. అదే మోటారు ఇరుసును ఎవరైనా తిరగకుండా గట్టిగా పట్టేస్తే? తీగలు కదలవు. ఎదురు వోల్టేజి సున్నా. కరెంటు 110 ఆంపియర్లు. వేడి 110 × 110 × 2 = 24,200 వాట్లు! ఫ్యూజు పోకపోతే మోటారు పోతుంది.

ఎదురు వోల్టేజి మోటారుకు శత్రువనుకొంటున్నారా? మోటారును కాపాడేది అదే. అంతేకాదు, 210 వోల్టులను 5 ఆంపియర్లతో గుణించండి. 1050 వాట్లు. మోటారు మనకు చేసిపెట్టే పని సరిగ్గా ఇంతే. సుమారు 1.4 అశ్వశక్తి.

మిక్సీలో పచ్చడి మరీ గట్టిగా ఉండి బ్లేడు చిక్కుకుపోయినప్పుడు ‘గుర్’మని శబ్దం, వెంటనే కమురు వాసన వస్తాయి. దర్జీల కుట్టుమిషనుకు తగిలించే చిన్న మోటారుకు కూడా మందపాటి బట్ట దగ్గర సూది దిగకపోతే ఇదే గతి. వస్త్రలతలో కొన్న బట్టలు ఎన్ని మోటార్లను ఇలా ఏడిపించాయో! చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న బొత్తాం ఉంటుంది. కరెంటు మితిమీరితే అది టక్కున బయటికి వచ్చి సరఫరా ఆపుతుంది. చల్లారాక లోపలికి నొక్కితే మిక్సీ మళ్లీ తిరుగుతుంది. ఆ బొత్తాం పక్కన ‘ఎదురు వోల్టేజి సెలవులో ఉంది’ అని రాసి పెట్టుకోవచ్చు.

మీరే చేసి చూడండి

విరిగిన బొమ్మ కారులోంచి ఒక చిన్న మోటారు తీయండి. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు కావాలి. బల్బు లోపల సన్నని తీగ కనబడే పాతరకం బల్బే కావాలి, 2.5 వోల్టులది అయితే మంచిది. ఎల్‌ఈడీ పనికిరాదు. సెల్లులు, బల్బు, మోటారు మూడింటినీ ఒకదాని వెనక ఒకటిగా, శ్రేణిలో కలపండి. మోటారు తిరుగుతుంది. దానంతట అది కదలకపోతే వేలితో ఒక్కసారి తిప్పి వదలండి. బల్బు మసకగా ఉంటుంది, లేదా దాదాపు వెలగదు.

ఇప్పుడు ఇరుసును రెండు వేళ్లతో పట్టుకొని ఆపండి. బల్బు ఒక్కసారిగా ప్రకాశిస్తుంది! వదలండి. మోటారు వేగం పుంజుకొనే కొద్దీ బల్బు మసకబారుతుంది. సెల్లులు మారలేదు, తీగలు మారలేదు. మారింది ఎదురు వోల్టేజి ఒక్కటే. పట్టుకొని ఎక్కువసేపు ఉంచకండి, మోటారు వేడెక్కుతుంది. ఇంకో హెచ్చరిక: ఈ ప్రయోగాలన్నీ టార్చి సెల్లులతోనే. గోడ ప్లగ్గు జోలికి వెళ్లవద్దు.

రెండు బొమ్మ మోటార్లు దొరికితే వాటి తీగలను ఒకదానితో ఒకటి కలిపి, ఒకదాని ఇరుసుకు దారం చుట్టి బొంగరంలా జోరుగా లాగండి. రెండోది ఉలిక్కిపడి కదులుతుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రాలతో ఇదే పని పెద్ద ఎత్తున చేసి చూపించారు. ఒక జనరేటరు పంపిన విద్యుత్తుతో అలాంటిదే మరొకటి మోటారై తిరిగింది. మోటార్లు ప్రయోగశాల బొమ్మల స్థాయి దాటి ఫ్యాక్టరీల్లోకి రావడానికి అది గట్టి మెట్టు.

మళ్లీ లో వోల్టేజి దగ్గరికి

ఆగిపోయిన మోటారు ఎందుకు కాలుతుందో తెలిసింది. కాని లో వోల్టేజిలో నీళ్ల మోటారు ఆగిపోలేదే, తిరుగుతూనే ఉంది. తిరుగుతూనే ఎందుకు కాలుతుంది?

నీళ్ల మోటారులో శాశ్వత అయస్కాంతం ఉండదు. దానిది ఇండక్షన్ మోటారు. బయటి తీగచుట్టల్లోకి ఏకాంతర విద్యుత్తు పంపితే అవే విద్యుదయస్కాంతాలై, గుండ్రంగా తిరిగే క్షేత్రాన్ని పుట్టిస్తాయి. లోపలి రోటారుకు బయటినుంచి తీగలేమీ ఉండవు. తిరిగే క్షేత్రం దాని కడ్డీలను కోసుకుంటూ పోవడం వల్ల వాటిలో కరెంటు పుట్టి, ఆ కరెంటు మీద క్షేత్రం నెట్టి, రోటారు తిరుగుతుంది. రెండు ధ్రువాల మోటారులో, మన 50 సైకిళ్ల విద్యుత్తుతో, క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. రోటారు కాస్త వెనకబడి 2800, 2900 చుట్లు తిరుగుతుంది. వోల్టేజి తగ్గినా సైకిళ్లు తగ్గవు కాబట్టి, ఈ వేగం పెద్దగా మారదు. అదే వేగంతో అన్ని నీళ్లనే మూడో అంతస్తుకు ఎత్తాలి. బరువు అదే, బలమూ అంతే కావాలి.

ఇప్పుడు మన మూడింటి గుణకారాన్ని బయటికి తీయండి. బలం అంటే క్షేత్రం, కరెంటు, పొడవు. తీగ పొడవు మారదు. వోల్టేజి తగ్గితే ఇక్కడ అయస్కాంతమే నీరసపడుతుంది, అంటే క్షేత్రం తగ్గుతుంది. బలం మాత్రం ఎప్పటంత కావాలి. ఇక పెరగడానికి మిగిలింది ఏమిటి? కరెంటు ఒక్కటే! రోటారు మరికొంత వెనకబడుతుంది, క్షేత్రం దాన్ని మరింత జోరుగా కోస్తుంది, ఎక్కువ కరెంటు పుడుతుంది. దానికి తగ్గట్టు బయటి చుట్టలు కూడా సరఫరా నుంచి ఎక్కువ కరెంటు లాక్కుంటాయి. బల్బు ఇచ్చినంతతో సరిపెట్టుకొంటుంది. మోటారు నెత్తిన మాత్రం బరువుంది.

230 వోల్టులు రావలసినచోట 165 వస్తే కరెంటు ఉజ్జాయింపుగా 1.4 రెట్లు కావాలి. వేడి దాని వర్గం, దాదాపు రెట్టింపు. వోల్టేజి ఇంకా పడిపోతే, ఇంకో ప్రమాదం ఉంది. మోటారు చూపగల గరిష్ఠ బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. వోల్టేజి 70 శాతానికి వస్తే బలం సగమే మిగులుతుంది. ఒక దశలో బరువు లాగలేక ఆగిపోతుంది. అప్పుడది మిక్సీ కథే.

కాలేదేమిటంటే, రాగి కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. తీగ మీద సన్నగా ఎనామిల్ పూత ఉంటుంది. ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు కరెంటు దూకకుండా ఆపేది అదే. సాధారణ మోటార్లలో ఆ పూత 130, 155 డిగ్రీల వరకు తట్టుకొనేలా తయారవుతుంది. అంతకు మించి ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సుమారుగా సగమైపోతుందని ఇంజనీర్లు లెక్క వేసుకొంటారు. రీవైండింగ్ షాపు ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. నల్లగా మాడిన చుట్టలను కోసి పీకేస్తారు. గాడుల్లో కొత్త కాగితం పరిచి, చుట్లు లెక్కపెట్టి కొత్త తీగ పేర్చి, వార్నీషు పోసి ఆరబెడతారు. చుట్టు లెక్క తప్పితే మోటారు పనితీరే మారిపోతుంది. అది ఓపికతో కూడిన పనితనం. పీకేసిన తీగలో రాగి చెక్కుచెదరకుండానే ఉంటుంది, పోయింది పూతే.

మోటారు మొదలయ్యే క్షణంలో ఎదురు వోల్టేజి ఉండదు కదా. అందుకే ఇండక్షన్ మోటారు బయలుదేరేటప్పుడు మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. క్షణాల్లో వేగం అందుకొంటే పరవాలేదు. పొలాల్లోని పెద్ద మోటార్లకు స్టార్టరు పెట్టేది ఇందుకే. ఇప్పుడు ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఇరవై మోటార్లున్నాయనుకోండి. ప్రతిదానికీ ఆటోస్టార్టరు ఉంది. పోయిన కరెంటు తిరిగి రాగానే ఇరవై మోటార్లూ ఒకేసారి లేస్తాయి. ఒక్కొక్కటి ఆరేసి రెట్లు లాగుతుంది. వోల్టేజి ధబాలున పడుతుంది. పడితే బలం చాలక ఏదీ వేగం అందుకోదు. అందుకోకపోతే ఎదురు వోల్టేజి రాదు. అది రాకపోతే కరెంటు తగ్గదు. చివరికి మోటార్లో, ట్రాన్స్‌ఫార్మరో, ఏదో ఒకటి కాలుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆటోస్టార్టర్లు తీసివేయమని రైతులను కోరారు. మనిషి చేత్తో వేస్తే ఇరవై మందీ ఒకే క్షణంలో వేయరు. ఆ కాస్త తేడా చాలు.

ఈ సంగతి రైలింజనుకూ తప్పదు. వన్ టౌన్‌ను ఆనుకొని విజయవాడ రైల్వేస్టేషను ఉంది. విజయవాడ-మద్రాసు మార్గం 1980 నాటికి పూర్తిగా విద్యుదీకరణ అయింది. పైతీగలో 25,000 వోల్టులు. పాతరకం ఇంజన్లయిన డబ్ల్యూ.ఏ.జి.-7, డబ్ల్యూ.ఏ.పి.-4 లలో దాన్ని ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ఇరుసులకు తగిలించిన 6 మోటార్లకు ఇస్తారు. కదలని బండిలో ఎదురు వోల్టేజి సున్నా. మోటార్ల నిరోధం ఒక ఓములో చిన్న భాగమే. పూర్తి వోల్టేజి ఒక్కసారి ఇస్తే వేల ఆంపియర్లు విరుచుకుపడతాయి. అందుకే డ్రైవరు ముందు కొద్ది వోల్టేజి ఇస్తాడు. బండి కదిలి ఎదురు వోల్టేజి పుట్టేకొద్దీ, మెట్టు మెట్టుగా పెంచుతాడు. అలాంటివి 32 మెట్లు ఉంటాయి. వాటిని నాచ్‌లంటారు. ఎదురు వోల్టేజి ఎంత పెరిగితే అంత పైమెట్టు.

కొత్తరకం ఇంజన్లు డబ్ల్యూ.ఏ.పి.-7, డబ్ల్యూ.ఏ.జి.-9 లలో ఇండక్షన్ మోటార్లే ఉంటాయి. వాటికి వోల్టేజినీ, సైకిళ్లనూ రెంటినీ ఎలక్ట్రానిక్ పరికరాలు మారుస్తుంటాయి. ఈ ఇంజన్లు బ్రేకు వేసే పద్ధతి చూడండి. బండి పరుగెత్తుతుండగా క్షేత్రం తిరిగే వేగాన్ని రోటారు వేగం కంటే కొంచెం తగ్గిస్తారు. ఇంతసేపూ వెనకబడి ఉన్న రోటారు ఇప్పుడు ముందున్నట్లయింది. మోటారు ఆ క్షణం నుంచి జనరేటరు. దాన్ని తిప్పుతున్నది బండి బరువూ, వేగమూ. లెంజ్ నియమం ప్రకారం అది చక్రాలకు అడ్డుపడుతుంది, బండి నెమ్మదిస్తుంది. పుట్టిన విద్యుత్తు పైతీగలోకి వెనక్కి వెళ్తుంది. మద్రాసు వైపు నుంచి కృష్ణ వంతెన దాటి, వేగం తగ్గించుకొంటూ స్టేషనులోకి వస్తున్న బండి పంపిన ఆ విద్యుత్తును, అదే సరఫరా భాగంలో అప్పుడే కదులుతున్న గూడ్సు బండి వాడుకొంటుంది.